చెక్క ఓడ మోడల్‌కు వెనక భాగం కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది విశాఖపట్నంలో, సీతమ్మధారలో. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి పది దాకా చెక్క ఓడలు కట్టుకుంటూ కూర్చోవడం నా పిచ్చి. పదకొండేళ్లలో పూర్తి చేసినవి నాలుగే. కిట్ కొన్నవాళ్లు నాకు ఫోన్ చేసేది దాదాపు ఎప్పుడూ ఒకే దశలో. ఓడ పొట్టంతా పలకలు అంటించేసి ఉంటారు, వెనక్కి వచ్చేసరికి చెయ్యి ఆడదు. ఫోటో పంపి "ఇప్పుడేం చెయ్యమంటారు?" అంటారు. అదే జవాబు పదిసార్లు టైప్ చెయ్యలేక ఇక్కడ రాసిపెడుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ యుద్ధనౌకలవి. బజారులో దొరికే కిట్లలో అవే ఎక్కువ మరి.

స్టెర్న్ అంటే ఓడ వెనక భాగమేగా, అందులో అంత ఏముంది?

మన జాలరి మాటల్లో అయితే ఓడ ముందు భాగం అణియం, వెనక భాగం అమరం. కింద నుంచి పైకి చూసుకుంటూ వెళ్దాం. నీళ్లలో నిలువుగా ఉండే దూలం స్టెర్న్‌పోస్ట్. దానికి వేలాడేది చుక్కాని. ఆ పైన ఓడ ఒక్కసారిగా బయటికి పొడుచుకొస్తుంది, లోపలికి కాస్త గుంట తిరిగిన ఆ వాలు లోయర్ కౌంటర్. దాని మీద మరో చిన్న వాలు అప్పర్ కౌంటర్. తర్వాత కెప్టెన్ గది కిటికీల వరస. అన్నిటికన్నా పైన శిల్పాలతో కిరీటంలా ఉండేది టాఫ్రెయిల్, దాని మీద లాంతర్లు. ఎడమా కుడీ పక్కలకు అతుక్కుని ఉండే గూళ్లలాంటి గదులు క్వార్టర్ గ్యాలరీలు. చూడ్డానికి రాజమహల్ కిటికీల్లా ఉంటాయి గానీ, వాటిలో ఉండేది అధికారుల మరుగుదొడ్డి. ఈ మాట చెప్పాక మా ఇంటికి వచ్చేవాళ్లంతా ఓడలో మొదట చూసేది దాన్నే.

అందరూ ఇక్కడే ఎందుకు ఆగిపోతారు?

పొట్ట కట్టేటప్పుడు జరిగిన తప్పులన్నీ వెనక భాగంలో లెక్క తేలతాయి. మధ్యలో ఒక బల్క్‌హెడ్ (ఓడ అస్థిపంజరంలో అడ్డంగా నిలబెట్టే చట్రం) అర మిల్లీమీటరు పక్కకి జరిగినా ఎవరికీ కనబడదు. వెనక మాత్రం ఎడమా కుడీ పక్కపక్కనే కనిపిస్తాయి, ఇట్టే పట్టేస్తారు. పైగా కిట్‌లో వచ్చిన కిటికీలు, రెయిలింగు ముక్కలు ప్లాన్‌కు, అంటే కిట్‌తో వచ్చే కొలతల బొమ్మకు, సరిపోయేలా కోసినవి. మీ ఓడ ప్లాన్ కాదు. అది మీరు కట్టిన ఓడ, రెండు మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువో తక్కువో ఉండనే ఉంటుంది. అందుకని ఇక్కడి నుంచి కొలతలు మీ ఓడ మీద తీసుకోవాలి. కింది జవాబుల్లో సగం ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ప్లాన్‌లో వెనక వైపు బొమ్మను జిరాక్స్ తీసి, అదే సైజులో కోశాను. ఎత్తు చాలడం లేదు. ప్లాన్ తప్పా?

ప్లాన్ తప్పు కాదు. వెనక గోడ నిటారుగా ఉండదు, పైకి వెళ్లేకొద్దీ వెనక్కి వాలుతుంది. వాలిన గోడను సరిగ్గా వెనక నిలబడి చూస్తే ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తుంది. మీరు జిరాక్స్ తీసింది ఆ పొట్టి బొమ్మని. షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాకిది అట్టముక్క మడిచి చూపించారు. ఆ అట్టముక్కను ఇప్పటికీ డబ్బాలో దాచుకున్నాను.

లెక్క చిన్నదే. గోడ నిలువు నుంచి 20 డిగ్రీలు వాలి ఉంటే, వెనక బొమ్మలో 62 మిల్లీమీటర్లు కనిపించేది నిజానికి 66 మిల్లీమీటర్లు. లెక్కలంటే భయమైతే ప్లాన్‌లో పక్క నుంచి గీసిన బొమ్మ తీసుకుని, ఆ వాలు గీతను డివైడర్‌తో కొలవండి. ఎత్తులు అక్కడ నిజం. వెడల్పులు వెనక బొమ్మలో నిజం. రెండూ కలిపి ఒక పెళ్లి శుభలేఖ అట్ట మీద గీసి, కత్తిరించి, ఓడకు ఆనించి చూసుకోండి. సరిపోయేదాకా అట్టనే కొయ్యండి, చెక్క జోలికి పోవద్దు. నాకు మామూలుగా మూడో అట్ట సరిపోతుంది. శుభలేఖలకు మన ఇళ్లలో కొదవేముంది.

కిటికీ ఫ్రేములన్నీ ఒకే కొలతతో, నిలువుగా పెట్టాను. అయినా వంకరగా ఉన్నట్టు కనిపిస్తున్నాయి.

నిలువుగా పెట్టారు కాబట్టే అలా కనిపిస్తున్నాయి. ఆ కాలపు ఓడల పక్కలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి ముడుచుకుంటాయి. కిటికీల వరస కూడా ఆ ముడుచుకోవడాన్ని అనుసరిస్తుంది. నడిమధ్యలో ఉన్న గీత ఒక్కటే నిలువు. దానికి అటూ ఇటూ ఉన్న ప్రతి నిలువు బద్దా మధ్యకు వాలుతుంది, చివరికి వెళ్లేకొద్దీ వాలు ఎక్కువ. అంటే ఏ రెండు పక్కపక్క కిటికీలూ ఒకే ఆకారంలో ఉండవు, ఒకే ఆకారం ఉన్నది ఎడమ వైపు కిటికీకీ, కుడి వైపు దాని జంటకీ మాత్రమే. అచ్చులో పోసిన లోహపు కిటికీలు కిట్‌లో వస్తే సరిగ్గా కూర్చోనిది అందుకే.

నేను చేసే పద్ధతి ఇది. అట్ట మీద మధ్య గీత గీసి, ఓడ రెండు పక్కల అంచుల వాలును పైకి పొడిగిస్తాను. రెండూ మధ్య గీతను ఎక్కడో పైన కలుస్తాయి. అక్కడ ఒక గుండుసూది గుచ్చి, దానికి దారం కడతాను. కింద కిటికీ గడప గీత మీద సమాన దూరాల్లో గుర్తులు పెట్టుకుని, ఒక్కో గుర్తు దాకా దారం లాగి, దాని వెంబడి గీత గీస్తాను. అవే నిలువు బద్దలు నిలబడే చోట్లు.

అడ్డ గీతల సంగతి మరిచిపోకండి. అవి కూడా తిన్నగా ఉండవు. కిటికీ గడప, పై కమ్మీ రెండూ మధ్యలో కొద్దిగా పైకి లేచి విల్లులా ఉంటాయి, పైగా మధ్య భాగం కాస్త వెనక్కి ఉబ్బి ఉంటుంది. అట్ట మీద ఈ విల్లు గీయడానికి సన్నటి ప్లాస్టిక్ స్కేలు వంచి పట్టుకుంటే చాలు. ఇది వదిలేసి తిన్నటి గీతలతో కట్టిన ఓడ దూరం నుంచి చూస్తే అలిసిపోయి కూర్చున్నట్టు ఉంటుంది. నా మొదటి ఓడ అలాంటిదే.

ఎడమా కుడీ సమానంగా ఉన్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

దారంతో. ఇది ఫిషింగ్ హార్బర్‌లో చెక్క బోట్లు బాగుచేసే ఒక వడ్రంగి దగ్గర నేర్చుకున్నాను. నేను చేత్తో స్టీలు స్కేలు పట్టుకుని ఏవో ప్రశ్నలు వేస్తుంటే ఆయన కాసేపు విని, "ఏటి బాబూ, ఆ కొలబద్దతో ఎంతసేపని కొలుస్తావు, దారం పట్టి సూడు" అన్నాడు. బోటు ముక్కు మీద మధ్యలో మేకు కొట్టి, దారం అక్కడ కట్టి, వెనక ఎడమ మూల దాకా లాగి వేలితో నొక్కి పట్టుకున్నాడు. వేలు తియ్యకుండానే దారాన్ని కుడి మూలకు తిప్పాడు. వేలు మూల మీదే పడితే వెనక గోడ సరిగ్గా అడ్డంగా ఉన్నట్టు. అంతే. మోడల్ మీద కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే సాగని దారం కావాలి. కుట్టుమిషన్ నైలాన్ దారం సాగుతుంది, కాటన్ మేలు.

ఎత్తుకు చదునైన బల్ల కావాలి. ఇంట్లో అన్నిటికన్నా చదునైనది వంటగదిలో గ్రానైట్ గట్టు. ఓడను దాని మీద స్టాండుతో నిలబెట్టి, చెక్కదిమ్మకు పెన్సిల్ అడ్డంగా కట్టి, ఆ దిమ్మను జరుపుతూ రెండు వైపులా ఒకే ఎత్తులో గుర్తు పెట్టాలి. "ఏవండీ, పోపు పెట్టాలి, ఆ ఓడ తీస్తారా" అనేలోపు పని ముగించుకోవాలి.

స్టెర్న్‌పోస్ట్ దగ్గర పలకలు లావైపోయి దూలం కన్నా బయటికి వచ్చేశాయి.

దీనికి మందు ముందే వేసుకోవాలి. కీల్ (ఓడ అడుగున వెన్నెముకలా సాగే దూలం) ప్లైవుడ్ మందం 5 మిల్లీమీటర్లు అనుకోండి. మొదటి వరస పలకలు 1.5, రెండో వరస 0.6. రెండు వైపులా కలిపితే 4.2. అంటే పలకలు వేశాక కూడా మొత్తం 5 దగ్గరే ఉండాలంటే లోపలి ప్లైవుడ్ అక్కడ 0.8 మిల్లీమీటర్లకు పలచబడాలి. అంత పలచన చేస్తే విరుగుతుంది. అందుకని నేను ప్లైవుడ్‌ను రెండు మిల్లీమీటర్ల దాకా ఉలితో, గరుకు కాగితంతో వాలుగా తీసి, మొదటి వరస పలకల చివర్లను కూడా చివరికి వచ్చేసరికి కాగితమంత సన్నగా అరగదీస్తాను. స్టెర్న్‌పోస్ట్‌ను పలకలన్నీ అయ్యాక విడిగా అంటిస్తే ఇంకా సుఖం. ఇప్పటికే లావైపోయి ఉంటే రెండో వరస వెయ్యకముందు మొదటి వరసను అరగదియ్యండి. రెండోదీ అయిపోయి ఉంటే ఒదిలెయ్యండి, చుక్కానిని కాస్త లావుగా చేసుకోండి. ఎవరూ కొలవరు.

కౌంటర్ పలకలు ముందా, పక్క పలకలు ముందా?

కౌంటర్ ముందు. వెనక పలకలు అంటించి, వాటి చివర్లను ఓడ పక్కలకు సమంగా అరగదీసి, ఆ తర్వాత పక్క పలకలను వాటి మీదుగా కొద్దిగా బయటికి పోనిచ్చి చివర్లో కోసెయ్యాలి. అప్పుడు వెనక పలకల కోత ముఖాలు కనబడవు. లోయర్ కౌంటర్ గుంటకు వెడల్పు పలక వంచబోకండి. మూడు మిల్లీమీటర్ల సన్న పట్టీలు పక్కపక్కన పేర్చితే గుంట దానంతటదే వస్తుంది. పొడవునా వచ్చే విల్లుకు మాత్రం ఇరవై నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి, తగిన పీవీసీ పైపుకు రబ్బరు బ్యాండ్లతో కట్టి రాత్రంతా వదిలేస్తే చాలు.

కిట్‌లో చెక్క బాగాలేదు. వైజాగ్‌లో ఏ కర్ర దొరుకుతుంది?

అందరూ టేకు అంటారు. బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం వాళ్లు టేకుతో కట్టి 1817లో నీళ్లలోకి దింపిన ట్రింకోమలీ అనే ఓడ ఇంగ్లండులోని హార్ట్లీపూల్‌లో ఈనాటికీ తేలుతోంది. నిజం ఓడకు టేకును మించింది లేదు. 1:64 మోడల్‌కు (అసలు ఓడలో 64వ వంతు సైజు) మాత్రం అది పనికిరాదు. దాని రంధ్రాలు, చారలు ఆ సైజులో కాలవల్లా కనిపిస్తాయి. పైగా నూనె కర్ర, జిగురు సరిగా పట్టదు.

వెనక భాగంలో చిన్న పనికి నేను వాడేది అంకుడు కర్ర. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర అదే. తెల్లగా, మెత్తగా, చారలు కనిపించనంత సన్నటి నారతో ఉంటుంది. ఉలి ఎటు తిప్పినా పెచ్చు లేవడం తక్కువ. రెయిలింగు స్తంభాలకు, లాంతర్లకు, చిన్న శిల్పాలకు బ్రహ్మాండం. ఏటికొప్పాక మనకు గంటన్నర ప్రయాణం. ఊళ్లోకి వెళ్లి మర్యాదగా అడిగితే లేతు మీద బొమ్మలు తిప్పగా మిగిలిన తుంపులు ఇస్తారు, ఊరికే తీసుకోకుండా రెండు బొమ్మలు కొనుక్కోండి. ఒక జాగ్రత్త: పూర్తిగా ఆరని అంకుడు తర్వాత ముడుచుకుంటుంది, పుచ్చు కూడా పడుతుంది. తెచ్చిన ముక్క మీద తేదీ రాసి ఆరు నెలలు అటక మీద పడెయ్యండి.

పనిముట్లకు కురుపాం మార్కెట్ వైపు వెళ్లండి. కంసాలి పనివాళ్లకు అమ్మే సన్న రంపం బ్లేళ్లు, సూది ఆకురాళ్లు, పట్టకార్లు మనకూ అవే కావాలి.

కిటికీలకు గాజు ఏది?

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల ల్యాబ్ సామాను షాపుల్లో మైక్రోస్కోప్ కవర్ స్లిప్పులు అడగండి. 0.15 మిల్లీమీటర్ల మందం ఉండే అసలు గాజు అది. వెలుతురు పడితే ఆ మెరుపు ప్లాస్టిక్‌కు రాదు. డైమండ్ పెన్‌తో గీసి విరవాలి, పది తెస్తే నాలుగు పగులుతాయి. ఓపిక లేకపోతే జిరాక్స్ షాపులో దొరికే పారదర్శక షీటు వాడండి, తప్పేం లేదు.

సూపర్ గ్లూ మాత్రం కిటికీ దగ్గరికి రానివ్వకండి. దాని ఆవిరి గాజు మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది, తుడిస్తే పోదు. ఫెవికాల్ చుక్క చాలు. గాజు వెనక లోపలి భాగానికి ముందే నల్ల రంగు వెయ్యాలి, లేకపోతే మీరు అంటించిన ప్లైవుడ్ ముక్కలు, పెన్సిల్ గీతలు అన్నీ షోకేసులో పెట్టినట్టు కనిపిస్తాయి.

క్వార్టర్ గ్యాలరీలు ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. రెండో ఓడకు ఎడమ గ్యాలరీ దసరా సెలవుల్లో కట్టాను. అద్భుతంగా వచ్చింది, ఫోటోలు తీసి అందరికీ పంపాను. కుడిది సంక్రాంతికి కట్టాను. అదీ బాగానే వచ్చింది. ఓడను వెనక్కి తిప్పి చూస్తే రెండింటికీ ఎత్తులో మూడు మిల్లీమీటర్ల తేడా, మూతి వంకర పెట్టినట్టుగా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి ఫెవికాల్‌ను నానబెట్టి, నాలుగు రాత్రులు కూర్చుని రెండూ ఊడదీశాను. ఒకటే తీస్తే చాలదా అనుకోవచ్చు. రెండో ఎత్తుకు మొదటిది సరిచేయాలో, మొదటి ఎత్తుకు రెండోది సరిచేయాలో తేలలేదు. కొలిచి చూస్తే రెండూ తప్పే.

ఇప్పుడు చేసేది: కింది పీట, గడప పీట, పై పీట, ఇలా అడ్డంగా వచ్చే పలకలన్నిటినీ జంటలుగా కోస్తాను. రెండు ముక్కలను డబుల్ సైడ్ టేపుతో అంటించి ఒకే ముక్కలా అరగదీస్తే తేడా రాదు. వాటిని ఓడకు అంటించి, తర్వాత నిలువు బద్దలు, ఆపైన కిటికీలు, ఆఖర్న కింద వేలాడే ముగింపు, పైకప్పు. పీటలను నీటిమట్టానికి సమాంతరంగా పెట్టకండి. ఓడ పక్కల పలకలు వెనక్కి వెళ్లేకొద్దీ ఎలా పైకి లేస్తాయో గ్యాలరీ గీతలు కూడా అలాగే లేవాలి, మూల తిరిగాక వెనక కౌంటర్ గీతలతో కలవాలి. వెనక నుంచి పక్కకు ఒక పట్టీ చుట్టినట్టుగా కనిపిస్తే సరిగ్గా వచ్చినట్టు.

ఒకే ఓడకు రెండు ప్లాన్లలో వెనక భాగం రెండు రకాలుగా ఉంది. ఏది నమ్మాలి?

రెండూ నిజం కావచ్చు. 1765లో నీళ్లలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌక విక్టరీకి మొదట్లో వెనక తెరిచిన బాల్కనీలు ఉండేవి. 1800 నుంచి 1803 దాకా జరిగిన పెద్ద మరమ్మతులో వాటిని మూసేశారు. కాబట్టి 1805 ట్రఫాల్గర్ యుద్ధం నాటి ఓడ కడుతూ బాల్కనీలు పెడితే తప్పవుతుంది. మీరు కట్టేది ఏ సంవత్సరపు ఓడో ముందు రాసుకోండి. అన్నట్టు ఆ యుద్ధంలో విక్టరీ చేసిన మొదటి పెద్ద నష్టం ఫ్రెంచి ఓడ బ్యూసెంటార్ వెనక కిటికీల గుండా గుండ్లు కురిపించడమే. ఇంత అందంగా కట్టిన వైపు అన్నిటికన్నా బలహీనమైన వైపు కూడా.

నాకు శిల్పాలు చెక్కడం రాదు.

నాకూ రాదు. 1:64లో మనిషి ఎత్తు 26 మిల్లీమీటర్లు, ముఖం వేరుశనగ గింజలో సగం ఉండదు. సన్నటి ఇత్తడి తీగను బొమ్మ భంగిమలో వంచి, దాని మీద ఎపాక్సీ పుట్టీ ముద్దను కొంచెం కొంచెంగా పెడుతూ, గట్టిపడ్డాక గుండుసూదితో, బ్లేడుతో గీసుకుంటూ పోతే దూరం నుంచి శిల్పమే. ముందు బట్ట ముడతలు చెయ్యండి, అవి తేలిక. ముఖం ఆఖర్న. ఆకులు, తీగల లతలకు అంకుడు మీద చిన్న ఉలి చాలు. త్రీడీ ప్రింటింగ్ చేయించుకున్నా నాకు అభ్యంతరం లేదు, కానీ ముద్రణ పొరల గీతలు అరగదియ్యకుండా రంగు వెయ్యకండి.

శిల్పాలకు బంగారు రంగే వెయ్యాలా?

స్ప్రే డబ్బాలో వచ్చే మెరిసే బంగారు రంగు వేస్తే ఓడ కాస్తా పెళ్లి మండపం అవుతుంది. బ్రిటిష్ నౌకాదళం 1703లోనే చెక్కడం పని తగ్గించమని ఆదేశించింది, తర్వాతి కాలపు ఓడల్లో చాలా శిల్పాలకు బంగారు రేకు బదులు పసుపు రంగే వేశారు. పసుపు ఓకర్ (మట్టి పసుపు రంగు) వేసి, గుంటల్లోకి పలచటి గోధుమ రంగు పారించి, పై అంచుల మీద పొడి బ్రష్‌తో లేత పసుపు తాకిస్తే సరిపోతుంది. 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగిపోయి, 1961లో పైకి తీసిన స్వీడన్ ఓడ వాసా విషయంలో అయితే పూర్తిగా వేరే కథ. దాని వెనక గోడ నీలం అని మొదట్లో అనుకున్నారు. తర్వాత మిగిలిన రంగు రేణువులను పరిశీలిస్తే నేపథ్యం ఎరుపని తేలింది, శిల్పాలకు కూడా రకరకాల ముదురు రంగులు. మన గుడి గోపురం రంగులను తలుచుకోండి, దాదాపు అంతే. పాత కిట్‌లో నీలం ఉంటే ఎందుకుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

చుక్కాని నిజంగా తిరిగేలా చెయ్యాలా?

తిరగకపోయినా తిరుగుతుందని నమ్మించాలి. చుక్కాని ముందు అంచును రెండు వైపుల నుంచీ వాలుగా కోసి, మధ్యలో శిఖరం వచ్చేలా చెయ్యాలి. ఆ వాలు లేకపోతే అసలు ఓడలో చుక్కాని పక్కకు తిరగలేదు, స్టెర్న్‌పోస్ట్‌కు తగిలి ఆగిపోతుంది. చాలా మోడళ్లలో ఈ ఒక్క కోతే కనబడదు.

చుక్కానిని ఓడకు తగిలించే బిజాగరీలో రెండు భాగాలుంటాయి. కిందికి చూసే కొక్కెం చుక్కానికి, దాన్ని పట్టుకునే కన్ను ఓడకు. ఇత్తడి పట్టీని చుక్కాని చుట్టూ వంచి, మొనకు సన్న ఇత్తడి తీగ టంకం పెట్టాలి. కన్నుకు ఇత్తడి గొట్టం ముక్క. ఆరు జతలుంటే పైదీ కిందదీ మాత్రమే నిజంగా పనిచేసేలా చేసి, మిగతావి ఉత్త పట్టీలుగా అంటించండి. ప్రతి కొక్కెం కింద చుక్కానిలో గాడి కొయ్యాలి, లేకపోతే దాన్ని పైకెత్తి తగిలించలేరు. టంకం పెట్టడం రాకపోతే కంసాలి పని తెలిసినవాళ్లను అడగండి. నేను మొదటిసారి అలాగే చేయించుకున్నాను. ఆయన చూసి "ఇదేం నగండీ?" అన్నాడు.

బిజాగరీలకు నల్ల రంగా, రాగి రంగా?

ఓడ అడుగుకు రాగి రేకులు ఉంటే రాగి లేదా కంచు రంగు. ఇనుమూ రాగీ ఉప్పునీళ్లలో పక్కపక్కన ఉంటే ఇనుము తినేసుకుపోతుంది, అందుకని రాగి తొడిగిన ఓడలకు కంచు బిజాగరీలు పెట్టారు. రాగి లేని పాత ఓడలకు నల్ల ఇనుము. రేకులు కూడా మీరే కోసుకుంటుంటే, అసలు రేకు 48 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు. 1:64లో 19, 5.6 మిల్లీమీటర్లు.

వెనక ఓడ పేరు రాయాలా?

బ్రిటిష్ యుద్ధనౌకలకైతే 1770ల తర్వాతి ఓడలకు రాయండి. అంతకుముందు వాటికి అవసరం లేదు. చేత్తో రాయలేకపోతే రుద్ది అంటించే రబ్ ఆన్ అక్షరాలు, అవీ లేకపోతే ప్రింట్ తీసిన డెకాల్ (పలచటి స్టిక్కరు).

మన సముద్రపు గాలికి ఓడ పాడవదా?

పాడవుతుంది. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో ఉండేవాళ్లకు మరీను. తేమకు చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. వెనక గోడ మీద అడ్డంగా వేసిన పలకల మధ్య వానాకాలంలో గీతలు మూసుకుపోయి, మళ్లీ ఏప్రిల్‌కి తెరుచుకునేది ఇందుకే. అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు వస్తే నేను జిగురు పని ఆపేస్తాను. ఫెవికాల్ ఆరడానికి రెట్టింపు టైమ్ పడుతుంది, అంటించినవి జారిపోతాయి. ఆ రోజుల్లో ఇత్తడి ఆకురాయి పట్టుకోవడమో, అట్టలు కత్తిరించుకోవడమో.

మెరుగుపెట్టిన ఇత్తడికి వెంటనే వార్నిష్ పూత వెయ్యాలి, వారం ఆగితే ఆకుపచ్చ మచ్చలు మొదలవుతాయి. పూర్తయిన ఓడను గాజు పెట్టెలో పెట్టి, మూలన సిలికా జెల్ డబ్బా దాచండి. ఆ డబ్బా నాది నీలం గింజలది, తేమ తాగితే గులాబీ రంగుకు తిరుగుతుంది. జూలైలో రెండు వారాలకే తిరిగిపోయింది. పెనం మీద సన్న సెగన వేయించి మళ్లీ పెట్టాను.

వెనక భాగం ఒక్కదానికే ఎంత కాలం పడుతుంది?

రోజుకు గంటన్నర చొప్పున నాకు అయిదు నెలలు. అందులో ఒక నెల అట్టముక్కలకే పోతుంది. ఇప్పుడు కడుతున్న ఓడకు ఎడమ వైపు మూడో కిటికీ దగ్గరున్నాను. కుడి వైపు మూడోది కూడా పక్కనే ఉంది, రెండూ ఒకే టేపుకు అంటుకుని.